పసుపంటిన కవరు

మంగళవారం పొద్దున ట్రాక్టరులో మిషిన్‌కు పోయిన మూడు సంచుల పల్లికాయ, మధ్యాహ్నం కాకముందే అదే ట్రాక్టరులో తిరిగొచ్చింది. నాగేశ్ ఒక్కొక్క సంచినీ భుజం మీద మోసుకొచ్చి వసారాలో దింపాడు. మూడోది దింపేటప్పుడు మూతికి కుట్టిన పురికొస తెగి గుప్పెడు కాయలు గచ్చు మీద దొర్లాయి.

“ఏమైందిరా?” జమ్ములమ్మ జొన్నలు చెరగడం ఆపి అడిగింది.

“ఏమైతది? పెద్దమందడిల కరెంటు లేదు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిందంట. వారం దినాలకు గాని కొత్తది రాదంటుండ్రు.”

“వారమా?”

“నిన్న పోతే అయిపోతుండె. యాదయ్య నిన్ననే నాలుగు సంచులు మిషిన్ల వేసి ఒలిపించుకొచ్చిండు. గంట పని. నువ్వే అంటివి, సోమవారం ఇత్తనం ఇల్లు దాటొద్దని.”

జమ్ములమ్మ ముందుకు వంగి, దొర్లిన కాయల్ని ఒక్కొక్కటే ఏరి చేటలో వేసుకుంది. ఒక కాయను వేళ్ల మధ్య నొక్కి చూసింది. నిండుగా ఉంది.

“గట్లనకు. అమ్మోరు ఏదో తలిచే ఆపి ఉంటది. అంతా మంచికే.”

“బర్రె తన్నినా మంచికే, బండి బోర్ల పడ్డా మంచికే,” అన్నాడు నాగేశ్. అతని గొంతులో కోపం లేదు. ముప్పై ఏళ్లుగా వింటున్న మాటే. “చెల్కల పదును ఆదివారం దాటి ఆగదమ్మా. ఎంకటన్న ఎడ్లను ఆదివారానికి చెప్పిన. గా దినానికి ఇత్తనం చేతుల ఉండాలె. లేకుంటే ఈ యాడు చెల్క బీడే.”

వంటింట్లోంచి నవనీత చెయ్యి తుడుచుకుంటూ వచ్చి సంచుల వంక చూసింది. తర్వాత గోడ మీది క్యాలెండరు వంక చూసింది.

“చేతులతోనే ఒలవాల్న?” అంది.

“ఇంకేం చేస్తం? ముగ్గురం కూసుంటే నాలుగు దినాలల్ల ఒడుస్తది,” అంది అత్త. “షంషమ్మను బదులుకు పిలుస్త.”

బదులు పనికి కూలి ఉండదు. షంషున్నీసా ఎన్ని రోజులు ఇక్కడ కాయ ఒలిస్తే, ఈ ఇంటి నుంచి ఒకరు అన్ని రోజులు ఆమె చేనుకు పోయి పత్తి తీయాలి. నాగేశ్ పెళ్లయిన దగ్గర్నుంచి ఆ పోయే ఒకరు నవనీతే.

*

మంగళవారం సాయంత్రమే కాయల మీద నీళ్లు చిలకరించి, గోనెపట్ట కప్పి పెట్టారు. తెల్లారేసరికి డొల్ల కాస్త మెత్తబడింది. ముగ్గురూ వసారాలో గోడకు ఆనుకుని, కాళ్లు చాపి కూర్చున్నారు. కాయ ముక్కును బొటనవేలితో నొక్కితే టప్పున విచ్చుకుంటుంది. లోపలి గింజలు రాలి ఒళ్లో పడతాయి. పొర గీరుకుపోయిన గింజ తినడానికి ఒక గిన్నెలోకి, పొర చెడని గింజ విత్తనానికి గంపలోకి. డొల్ల పక్కకు. మళ్లీ కాయ, మళ్లీ వేలు.

షంషున్నీసా వీధి చివరింటి మనిషి. జమ్ములమ్మ కంటే రెండు మూడేళ్లు చిన్నది. చెయ్యి ఎంత ఆడుతుందో నోరూ అంతే ఆడుతుంది.

“మీ అమ్మోరు ఏంది అక్కా, ట్రాన్స్‌ఫార్మర్ కాలబెట్టే దాక పోయింది? పెద్దమందడి అంత చీకట్ల కూసున్నదంట.”

“మీ అల్లా గూడ చూసుకుంట ఊకున్నడు గద.”

“ఆయన ఊకున్నడంటె గండ్ల ఏదో ఖైర్, ఏదో మంచి ఉంటది.”

“నేను గూడ గదే అంటున్న.”

“ఇద్దరు గల్సి నా బొటనేలు మీద పడ్డరు,” అంది నవనీత తలెత్తకుండా. షంషున్నీసా నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. జమ్ములమ్మా నవ్వింది.

దారిన పోతూ యాదయ్య ఆగాడు. వీళ్ల చెల్కను ఆనుకునే అతని చెల్క. “గంట పనికి నాలుగు దినాలు కూసున్నరా అత్తాకోడండ్లు? నేను ఎల్లుండి ఇత్తబోతున్న,” అని నవ్వుకుంటూ పోయాడు.

నవనీత చేతివేగం మిగతా ఇద్దరికీ లేదు. పొద్దు వాలేసరికి ఆమె ముందున్న డొల్ల కుప్ప అత్త కుప్పకు రెండింతలు ఉంది. షంషున్నీసా చూసి, “జర మెల్లగ బిడ్డా, కాయ ఎటు పోతది?” అంది.

“కాయ యాడికి పోదు ఖాలా. నేనే పోవాలె. కవరు వస్తే పోవాలె గద. నా పాలు ముందే ఒలిచి పెడ్త.”

ఊళ్లో అంగన్‌వాడీ టీచరు పోస్టు ఖాళీ అయింది. నవనీత పదో తరగతి పాసైన మనిషి. ఆగస్టులో వనపర్తి పోయి దరఖాస్తు ఇచ్చి వచ్చింది. అప్పటి నుంచి రోజూ ఏదో ఒక పని మధ్యలో, “పోస్టు వచ్చిందా అత్తమ్మా?” అని అడుగుతుంది. రాలేదంటే సరే అని పని చేసుకుంటుంది.

*

గురువారం మధ్యాహ్నం నవనీత బోరు కాడికి నీళ్లకు పోయింది. షంషున్నీసా నమాజుకు ఇంటికి పోయింది. జమ్ములమ్మ ఒక్కతే ఉంది. పోస్టుమాన్ వెంకట్రాములు సైకిలు దిగకుండానే, ఒక కాలు అరుగు మీద ఆనించి, గోధుమరంగు కవరు ఒకటి చాపాడు.

“పెద్దమ్మా, నీ కోడలి పేరు మీద వచ్చింది. అంగన్‌వాడీదే అయ్యుంటది. పక్కూరామెకు గూడ పొద్దున్నే ఇచ్చిన, గామెను శనివారం రమ్మన్నరు. జల్ది ఇయ్యి.”

“ఇస్త తీ.”

సైకిలు పోయింది. జమ్ములమ్మకు చదువు రాదు. కవరును అటూ ఇటూ తిప్పింది. శనివారం అంటే ఎల్లుండి. రేపు ఫోటోలు దిగాలని, కాగితాలు జిరాక్సు తీయించాలని వనపర్తి పోతానంటుంది. ఎల్లుండి మళ్లీ పోతుంది. రెండు రోజులు. ఇంకా సంచిన్నర కాయ ఉంది. ఆదివారం ఎంకటన్న ఎడ్లు వచ్చి నిలబడతాయి.

ఆమె లోపలికి పోయింది. గూట్లో గద్వాల నుంచి తెచ్చిన అమ్మవారి పటం ఉంది, ఆ తల్లి పేరూ జమ్ములమ్మే. దాని వెనక పసుపు పొట్లం. కవరును పటానికీ గోడకూ మధ్యకు తోసింది.

“అమ్మా, నీ కాడ పెడ్తున్న,” అంది మెల్లగా. “అది వచ్చి పోస్టు వచ్చిందా అని అడుగుతది. అడిగితే ఇస్త. అడగకుంటే నువ్వు వద్దన్నట్టు.”

ఆ మాట ఆమెకు న్యాయంగానే తోచింది. నవనీత అడగని రోజు లేదు.

నవనీత నెత్తి మీద ఒక బిందె, చంకలో ఒక బిందెతో వచ్చింది. వెనకే షంషున్నీసా, దారిలో తన మేక యాదయ్య పంచె నమిలిన ముచ్చట చెబుతూ వచ్చింది. పంచె కొస మేక నోట్లో, ఇంకో కొస యాదయ్య చేతిలో. నవనీత బిందెలు దింపుతూ నవ్వు ఆపుకోలేకపోయింది. నీళ్లు ఒలికాయి. అలా నవ్వుతూనే వచ్చి కూర్చుని చేతిలోకి కాయ తీసుకుంది.

జమ్ములమ్మ ఎదురుచూసింది. పొద్దు గుంకే దాకా ఎదురుచూసింది. ఆ రోజు నవనీత అడగలేదు.

*

శుక్రవారం పొద్దు గుంకక ముందే మూడో సంచి అడుగు కనిపించింది. ఎవరూ అనుకోలేదు. నవనీత సంచి తలకిందులు చేసి దులిపితే దుమ్ము, రెండు గులకరాళ్లు పడ్డాయి.

“ఒడిసె,” అంది. రెండు బొటనవేళ్లకూ పాత చీర పేలికలు చుట్టుకుని ఉంది. “రేపు ఏరుడే ఉన్నది. గది మీరిద్దరు చేసుకోవచ్చు.”

జమ్ములమ్మ గంపలోని గింజల్లోకి చెయ్యి పెట్టి కలిపింది. నున్నగా, గులాబీ రంగులో, ఒక్కదాని పొరకూ గీరు లేదు. లోపల గూట్లో కవరు ఉంది. ఇప్పుడు తీసి ఇచ్చినా పొద్దున ఏడు గంటల బస్సు అందుతుంది. ఆమె లేచి గడప దాకా పోయింది. నిన్ననే వచ్చిందని వెంకట్రాములు ఎక్కడో ఒకచోట అంటాడు. నిన్న ఎందుకియ్యలేదని కోడలు అడుగుతుంది. ఏమని చెప్పాలి? నువ్వు అడగలేదు గనక ఇయ్యలేదని చెప్పాలా?

గడప మీద కాసేపు నిలబడి, పొరక తీసుకుని వచ్చి డొల్లలు ఊడ్చింది.

శనివారం గింజలు ఏరుతూ నవనీత అడిగింది. “పోస్టు వచ్చిందా అత్తమ్మా?”

“ఇయ్యాల రాలేదు,” అంది జమ్ములమ్మ. అందులో అబద్ధమేమీ లేదు.

ఆదివారం ఎడ్లు వచ్చాయి. ఎంకటన్న నాగలి పట్టాడు. వెనక నవనీత వడివడిగా నడుస్తూ సాలులో జానెడుకు ఒక గింజ వదిలింది. బొటనవేళ్లకు పేలికలు అలాగే ఉన్నాయి. గింజను చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య పట్టి వదులుతోంది. అది కొత్తరకం పట్టు. జమ్ములమ్మ గట్టు మీద నుంచి చూసి, ఇదేం పట్టు అనుకుంది. అంతకు మించి ఆలోచించలేదు. మట్టి తడిగా, ఎర్రగా, ముద్ద చేస్తే నిలిచేలా ఉంది. పొద్దు గుంకేసరికి చెల్క నిండింది.

ఆ సాయంత్రం కాళ్లు కడుక్కుని వచ్చి జమ్ములమ్మ గూట్లోంచి కవరు తీసింది. కొంగుతో ఒకసారి తుడిచింది.

“గిదో, నీకు వచ్చినట్టుంది. నిన్న పొద్దు గుంకినంక వెంకట్రాములు ఇచ్చిపోయిండు. ఇత్తే పనిల పడి మర్శిన.”

నవనీత కవరును చాలాసేపు చేతిలో పట్టుకుంది. అంచు చింపి కాగితం తీసి చదివింది. మళ్లీ మడిచి లోపల పెట్టింది.

“నిన్ననే ఉండె,” అంది.

“అయ్యో. పోనీలే బిడ్డా. అమ్మ ఏదో...” జమ్ములమ్మ ఆగింది. కోడలు ఆమె ముఖంలోకి చూస్తోంది. నిలదీసే చూపు కాదు. ఎసరు మరిగిందా లేదా అని మూత తీసి చూసే చూపు. తర్వాత నవనీత లేచి బియ్యం కడగడానికి పోయింది.

*

సోమవారం వెంకట్రాములు సైకిలు వీధిలోకి రాగానే నాగేశ్ అడ్డం పోయి హ్యాండిల్ పట్టుకున్నాడు.

“ఏందన్నా నువ్వు చేసిన పని? శనివారం ఉన్న ఇంటర్వ్యూకు శనివారం పొద్దు గుంకినంక కాగితం ఇస్తవా? పక్కూరామెకు ముందుగాల్నే ఇచ్చినవంట. మా కాగితం సంచిల పండబెట్టినవా?”

అరుగుల మీది మనుషులు తిరిగి చూశారు. వెంకట్రాములు నోరు తెరిచాడు. అతని కళ్లు నాగేశ్ భుజం మీదుగా గడపలో నిలబడ్డ జమ్ములమ్మ మీద పడ్డాయి. జమ్ములమ్మ చేతిలో చేట ఉంది. అందులో ఏమీ లేదు. అయినా చెరుగుతోంది.

“వానలు గద తమ్మీ,” అన్నాడు వెంకట్రాములు. “సంచి ఆలస్యమైంది.”

“వానలు పక్కూరికి లేవా? ఒకరి బతుకు గిట్ల చేస్తరా? సర్కారు జీతం తీస్కుంటవు, ఒక్క కాగితం సక్కగ ఇయ్యరాదా?”

“తప్పయింది. పోనీయ్.”

అతను హ్యాండిల్ విడిపించుకుని సైకిలెక్కాడు. పోతూ పోతూ గడప వైపు చూడలేదు. జమ్ములమ్మ ఆ రోజు అన్నం సగంలో వదిలి లేచింది.

చీకటి పడకముందే నవనీత తన పదో తరగతి సర్టిఫికెట్టు తీసి ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుంది. “రేపు ఆఫీసుకు పోయి అడుగుత. ఏమంటరో ఏమో,” అంది భర్తతో.

“నేను గూడ వస్త,” అంది జమ్ములమ్మ.

“నువ్వెందుకు అత్తమ్మా?”

“వస్త.”

*

వనపర్తిలో ఆఫీసు రెండు గదులది. వరండాలో ఏడెనిమిది మంది ఆడవాళ్లు గోడకానుకుని ఉన్నారు. లోపల గుమాస్తా ఒకాయన రిజిస్టరు మీద నుంచి తలెత్తాడు. నవనీత కవరు ముందు పెట్టి, శనివారం రాలేకపోయానని, కాగితం ఆలస్యంగా అందిందని చెప్పింది. ఆ మాట అంటున్నప్పుడు అత్త వైపు చూడలేదు.

“శనివారం జరగలేదమ్మా,” అన్నాడు గుమాస్తా.

“ఏంది సార్?”

“మేడమ్‌కు పాలమూరుల మీటింగు పడింది. పొద్దున్నే పోయిన్రు. వచ్చినోళ్లందరిని మర్లగొట్టినం. మల్ల సోమవారం, పది గంటలకు. తారీకు తెల్సినట్టు గిక్కడ సంతకం పెట్టు.”

జమ్ములమ్మ చేతులు వాటంతటవే దండం పెట్టబోయాయి. చూసినవా అన్న మాట నాలుక చివరికి వచ్చింది. పోయిందనుకున్నది పోనే లేదు. కవరు గూట్లో ఉంటే ఏం, చేతిలో ఉంటే ఏం? ఎవరికీ ఏమీ పోలేదు. ఇంక ఎవరికీ ఎప్పటికీ తెలియనక్కర్లేదు.

వెనక నుంచి ఒకామె ముందుకొచ్చింది. చంకలో ఏడాది పిల్ల, ముక్కు కారుతోంది. “మేము ఆత్మకూరు దిక్కు నుంచి వచ్చినం సార్. శనివారం వచ్చి మర్లిపోయిన. పిల్లకు జ్వరముండె, గట్లనే ఎత్తుకొచ్చిన. సోమవారం నిజంగనే ఉంటదా? మల్ల మర్లగొడ్తరా?”

“ఉంటదమ్మా, ఉంటది. ఎందరికి చెప్పాలె? నలభై మంది ఒక్కటే అడుగుతరు.”

జమ్ములమ్మ ఆ పిల్లను చూసింది. దండం పెట్టబోయిన చేతులు కొంగు పట్టుకున్నాయి.

నవనీత పెన్ను అందుకుంది. కుడి బొటనవేలికి చుట్టిన పేలిక అడ్డం వచ్చింది. పళ్లతో ముడి లాగి పేలిక విప్పింది. గోరు సగానికి పైగా లేచి నల్లబడింది. దాని కింద చర్మం రెండుగా పగిలి, పగుల్లో మట్టి ఎర్రగా ఎండి ఉంది. పెన్ను నిలవలేదు. చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య ఇరికించి, గింజ వదిలినట్టుగానే పట్టి రాసింది. పేరు వంకరగా వచ్చింది. గుమాస్తా చూసి, “పదో తరగతి పాసేనా?” అన్నాడు.

“పాసే సార్.”

ఆఫీసు గేటు బయట చాయ్ బండి ఉంది. ఇద్దరూ దాని నీడలో నిలబడ్డారు. నవనీత పేలిక మళ్లీ చుట్టుకుంటోంది.

“అను అత్తమ్మా,” అంది.

“ఏంది?”

“అంతా మంచికేనని. లోపట్నుంచి చూస్తున్న. ఇంక అనకపోతివి.”

జమ్ములమ్మ రోడ్డు మీది బస్సును చూసింది. అది పోయాక ఆ ఖాళీని చూసింది.

“కవరు బేస్తవారం నాడే వచ్చింది,” అంది. “నేనే దాచిన.”

“తెల్సు.”

“ఎట్ల?”

“పసుపంటి ఉండె. వెంకట్రాములన్న సంచిల పసుపేడిది?”

“మరి నన్ను అడగకపోతివి?”

“అడిగితే ఏమంటవు? అమ్మ దాపిచ్చిందంటవు.”

చాయ్ బండివాడు స్టవ్ మంట పెంచాడు. జమ్ములమ్మ పక్కనున్న కంకర కుప్ప మీద కూర్చుంది. నవనీత కూర్చోలేదు.

“శుక్రారం పొద్దు గుంకకముందే కాయంత ఒలిచిన,” అంది. గొంతు పెంచలేదు. “కవరు వస్తే పోవాలెనని ఒలిచిన. నువ్వు గూడ చూస్తివి.”

“చూసిన.”

“ఆ సంగతి ఆయనకు నువ్వే చెప్పు. నేను చెప్ప. వెంకట్రాములన్న వీధిల నిలబడి తిట్లు తిన్నడు.”

“చెప్త.”

నవనీత రెండు చాయ్‌లు చెప్పింది. ఒకటి అత్తకిచ్చి, ఇంకోటి ఎడమ చేత్తో పట్టుకుని ఊదుకుంటూ తాగింది. బస్సులో ఇద్దరికీ పక్కపక్కనే సీటు దొరికింది.

ఇంటికి పోయేసరికి నాగేశ్ బర్రెకు తాడు పేనుతున్నాడు. జమ్ములమ్మ అతని ముందు నిలబడి చెప్పింది. మూడు మాటల్లో అయిపోయింది. నాగేశ్ పేనిన తాడు చేతిలోనే వీడిపోయింది. “గూట్లనా?” అని మాత్రం అడిగాడు. మర్నాడు పొద్దున అతను పోస్టాఫీసు అరుగు మీద వెంకట్రాములు పక్కన చాలాసేపు కూర్చుని వచ్చాడు. ఏం మాట్లాడుకున్నారో ఇంట్లో చెప్పలేదు.

*

సోమవారం తెల్లవారుతూనే నాగేశ్ చెల్క దాకా పోయి పరుగులాంటి నడకతో వచ్చాడు.

“లేసిందే అమ్మా! సాలు సాలంత లేసింది. ఒక్క సందు లేదు. యాదయ్య చేన్ల చూడాలె నువ్వు, మూరకొకటి, బారకొకటి. మిషిన్ల గింజ ముక్కులు ఇరిగినయంట. మల్ల ఇత్తుకోవాలె, పదును యాడిది ఇప్పుడు? నెత్తి మీద చేతులు పెట్టుకొని కూసుండు పాపం.” ఊపిరి తీసుకున్నాడు. “నువ్వన్నదే నిజం. మిషిన్ ఆగింది మంచికే అయింది. అమ్మోరే ఆపింది.”

జమ్ములమ్మ పొయ్యిలో పుల్ల సర్దుతోంది.

“ఒలిచింది నీ పెండ్లాం,” అంది.

నవనీత కొత్త చీర కట్టుకుని, సర్టిఫికెట్టు ఉన్న సంచి పట్టుకుని బయటికొచ్చింది. బొటనవేలికి పేలిక లేదు. లేచిన గోరును కత్తిరించుకుంది. అరుగు దిగి చెప్పులో కాలు పెట్టి రెండడుగులు వేసిందో లేదో, కుడి చెప్పు ఉంగటం పుటుక్కున తెగింది.

ముగ్గురూ ఆగిపోయారు. గడప దాటగానే చెప్పు తెగితే ఆ పని మీద పోకూడదని ఈ ఇంట్లో అందరికీ తెలుసు. పోయినేడు ఇలాగే తెగితే నాగేశ్ ఎరువుల కోసం పోవడం మానుకున్నాడు. నాగేశ్ తల్లి వైపు చూశాడు. నవనీతా చూసింది.

జమ్ములమ్మ తన చెప్పులు విడిచి, కాలితో ముందుకు జరిపింది.

“ఇవేసుకో. పెద్దగుంటయ్, జర చూసుకొని నడువు.”

“నీకు?”

“బస్సు వస్తది. పో.”

నవనీత ఆ చెప్పులేసుకుంది. నిజంగానే పెద్దవి. టపటపమని చప్పుడు చేస్తూ వీధి మలుపు దాకా పోయి, అక్కడ ఒకసారి సంచిలోకి తొంగి చూసుకుని, మలుపు తిరిగింది.

జమ్ములమ్మ కొంగు నడుముకు చుట్టి, ఒక పాత చీర ఒడిలా కట్టుకుని బయలుదేరింది. షంషున్నీసా పత్తి చేనుకు చెల్క గట్టు మీదుగానే దారి. ఆగకుండా నడిచింది. ఎర్రటి మట్టిని పగలదీసుకుని జానెడుకొకటిగా లేచిన మొలకలు ఎడమ చేతి పక్కన చివరి దాకా ఉన్నాయి. కుడి పక్కన యాదయ్య చేను. అతను నిజంగానే గట్టు మీద కూర్చుని ఉన్నాడు. పలకరించింది. “మా కాడ గంపెడు ఇత్తనం మిగిలింది, సందులల్ల పెట్టుకుందువు, రా,” అంది. అతను తలూపాడు.

షంషున్నీసా సాలు మధ్యలో నడుం నిలబెట్టి చూసింది.

“ఏంది అక్కా, నువ్వొచ్చినవ్? కోడలేది?”

“వనపర్తి పోయింది. బదులుకు నేనొచ్చిన.”

“నువ్వు బదులుకొచ్చి ఎన్నేండ్లాయె!”

“మూడు దినాలు ఒలిచినవు గద. మూడు దినాలు వస్త.”

ఇద్దరూ పక్కపక్క సాళ్లు పట్టారు. పత్తికాయ విచ్చుకున్న చోట తొడిమె మొనలు ఎండి ముళ్లలా ఉన్నాయి. ఒడుపుగా మూడు వేళ్లతో లాగితే పత్తి మొత్తం వస్తుంది. తొందరపడితే మొన వేలికి దిగుతుంది. జమ్ములమ్మ వేళ్లకు ఆ ఒడుపు ఇంకా పూర్తిగా గుర్తు రాలేదు.

“పల్లి మస్తు లేసిందంట గద,” అంది షంషున్నీసా. “ఊరంత అదే ముచ్చట. మిషిన్ ఆగకుంటే మీది గూడ యాదయ్య లెక్కనే అవుతుండె. అల్లా దయ.”

జమ్ములమ్మ పత్తి ఒడిలో వేసుకుంది.

“కోడలికి కొలువొస్తదంటవా? చెప్పు అక్కా. నీకు అన్ని ముందే తెలుస్తయ్ గద.”

“నాకు తెల్వదు షంషమ్మా.”

షంషున్నీసా నవ్వబోయి ఆమె ముఖం చూసి మళ్లీ సాలులోకి వంగింది. దూరంగా రోడ్డు మీద వనపర్తి బస్సు హారను రెండుసార్లు వినిపించింది. జమ్ములమ్మ అటు చూడలేదు. తొడిమె మొన బొటనవేలికి దిగింది. వేలు నోట్లో పెట్టుకుని, ఉమ్మి, ఆ సాలు చివరి దాకా తీసి, పక్క సాలులోకి తిరిగింది.